ఉచితం ఎవరికి ఉచితం?

తెలుగులో 'ఉచితం' అనే మాటకి రెండర్థాలున్నాయి. డబ్బు కట్టకుండా వచ్చింది అని ఒకటి. తగినది, న్యాయమైనది అని ఇంకోటి. ఉచితానుచితాలు తెలుసుకుని మాట్లాడమంటారు పెద్దలు. సముచిత స్థానం ఇచ్చామంటారు రాజకీయ నాయకులు. సంస్కృతంలో ఈ మాటకున్న అర్థం తగినది అనే. ఊరికే ఇచ్చేది అనే అర్థం మన వాడుకలో అబ్బింది. బడిలో తెలుగు చెప్పుకునేదాన్ని కాబట్టి ఈ మాట దగ్గర చాలాసార్లు ఆగాను. ఒకే మాటలో రెండర్థాలూ ఇన్నాళ్ళుగా కాపురం చేస్తున్నాయి గానీ, మా మనుషుల దగ్గరకొచ్చేసరికి రెండింటికీ విడాకులైపోతాయి. మాకేదైనా ఉచితంగా వచ్చిందంటే చాలు, అది ఉచితం కాదంటారు.

ఇక్కడ నేనడగదల్చుకున్న ప్రశ్న ఒక్కటే. డబ్బు కట్టకుండా ఒక మనిషికి ఏదైనా దక్కితే, ఆ మనిషి దానికి తగినవాళ్ళా కాదా అని తేల్చేది ఎవరు? ఏ లెక్కన తేలుస్తారు? కొందరికొచ్చిన ఉచితం అదృష్టం ఎందుకయింది? కొందరికొచ్చిన ఉచితం దోపిడీ ఎందుకయింది? ఇది నీతిశాస్త్రం పుస్తకంలో దొరికిన ప్రశ్న కాదు. నాకిది నడి సముద్రంలో, ఒక ఓడ మీద దొరికింది.

నేను పుట్టింది అప్పటి విశాఖ జిల్లాలో, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకొచ్చిన ఒక మాలపేటలో. మా నాన్న చెరకు కొట్టే కూలి. బెల్లం పొయ్యి దగ్గర రాత్రుళ్ళు మంట ఎగదోసేవాడు. మా అమ్మది వేలిముద్ర. మా రెండు వైపులా డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేనే. సాంఘిక సంక్షేమ హాస్టల్లో పెరిగాను. 2014 డీఎస్సీలో సెలెక్టయి 2016లో ఉద్యోగంలో చేరాను. ఉద్యోగం పేరు లాంగ్వేజ్ పండిట్. మాలపేట ఆడదాన్ని సర్కారు కాగితం మీద 'పండిట్' అని రాస్తే మా అమ్మ ఆ కాగితాన్ని నా చేత మూడుసార్లు చదివించుకుంది. స్టాఫ్‌రూములో కొందరికి మాత్రం ఒక్కసారి కూడా మింగుడు పడలేదు. "మీకేటండీ టీచరుగారూ, పుట్టుకతోనే పోస్టు రాసిపెట్టుంది" అనేవారు. నవ్వుతూనే అనేవారు. ఆ నవ్వు వినీ వినీ ఆరేళ్ళయింది.

2022లో మన రాష్ట్రంలో బడులు జూలై 5న తెరిచారు. దాంతో జూన్ అంతా సెలవులే. ఆ జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ఒక ప్రైవేటు కంపెనీ విహార నౌక నడిపింది. మా మండలంలో టీచర్లం కొందరం కలిసి టికెట్లు కొన్నాం. నేను మా అమ్మని వెంటబెట్టుకెళ్ళాను. మాకున్న డబ్బుకి వచ్చింది అన్నిటికంటే చవక గది. ఓడలో గదిని క్యాబిన్ అంటారు. చవక క్యాబిన్ ఓడ కడుపులో ఉంటుంది, దానికి కిటికీ ఉండదు. దానికంటే ఖరీదైన గదికి గుండ్రటి అద్దం ఉంటుంది. ఇంకా ఖరీదైనదానికి బాల్కనీ ఉంటుంది. ఆపైన ధనవంతుల సూట్లుంటాయి. సముద్రం అందరికీ ఒక్కటే. చూడ్డానికి మాత్రం రేటుంది.

రేవులో కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి మా కాగితాలు చూసి, "మీకు అప్‌గ్రేడ్ వచ్చింది మేడం, సముద్రం కనబడే గది ఇస్తున్నాం, ఎక్స్‌ట్రా ఏమీ కట్టక్కర్లేదు" అంది. నేనేమన్నా అనేలోపే మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఊరికినే ఎందుకిస్తన్నారట? తరవాతేటడుగుతారట? అడుగే గుంటా" అంది.

మా అమ్మ భయాన్ని చదువులేనితనం అనుకుంటే పొరపాటు. అది చదువే. ఊరికే ఇచ్చేవాటి గురించి మా పేటలో తరాల తరబడి చదివిన చదువు. పండక్కి కామందు ఇంట్లో ఒక పాత చీర ఊరికే ఇచ్చేవారు. ఆ చీర చిరిగేదాకా వాళ్ళ పశువులసాల ఊరికే ఊడవాలి. నూతిలోంచి దోసిట్లోకి నీళ్ళు ఊరికే పోసేవారు. ఆ నీళ్ళ కోసం ఎండలో నిలబడ్డ గంటలకి లెక్క లేదు. ఊళ్ళో ఊరికే వచ్చినదానికి పేటలో ఎప్పుడూ ఒక ధర ఉండేది. ఆ ధర ముందు చెప్పేవారు కాదు, అంతే.

మా అమ్మ తాత రంగూన్ వెళ్ళింది కూడా ఊరికే వచ్చిన టికెట్టు మీదే. అప్పట్లో గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వేలాది మంది కూలీలు బర్మా వెళ్ళేవారు. మేస్త్రీ ఊళ్ళోకొచ్చి ఓడ చార్జీ తానే పెట్టుకుంటాననేవాడు. ఆ చార్జీ అప్పయ్యేది. అప్పు తీరేదాకా కూలీ మేస్త్రీకి కట్టుబడిపోయేవాడు, కూలి డబ్బులో మేస్త్రీ వాటా ముందే పోయేది. 1933లో విశాఖ హార్బరు తెరవకముందు ఓడ దూరంగా సముద్రంలోనే లంగరేసి ఉండేది. జనాన్ని పడవల్లో తీసుకెళ్ళి ఎక్కించేవారు. ఆ కూలీలకి గదీ లేదు, కిటికీ లేదు. డెక్ మీద, ఎండా వానా కింద, ఒకళ్ళ కాళ్ళ దగ్గర ఇంకొకళ్ళ తల పెట్టుకుని ప్రయాణం. వాళ్ళని డెక్ ప్యాసింజర్లనేవారు. ఒక లెక్కన సముద్రం బాగా కనిపించింది వాళ్ళకే.

పెద్దకులాల వాళ్ళకి సముద్రం దాటితే కులం పోతుందని భయం ఉండేది. ప్రాయశ్చిత్తాలుండేవి. మా అమ్మ తాత ఆ మాట ఎత్తి నవ్వేవాడట. "పోతే పోనీ, మనకి కావలసిందీ అదే కదేటి" అనేవాడట. రంగూన్‌లో అది కొంత నిజమయింది కూడా. కోరంగి రేవు నుంచి వచ్చినవాళ్ళని తెలుగువాళ్ళందరికీ అక్కడ 'కొరంగీ' అని పేరు. అది తిట్టుగానే వాడేవారు. మాలవాడైనా పెద్దకులం వాడైనా ఆ తిట్టు సమానంగా పడేది. ఊళ్ళో సమానంగా నీళ్ళు పంచుకోనివాళ్ళు పరాయి దేశంలో సమానంగా తిట్టు పంచుకున్నారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక లక్షల మంది మనవాళ్ళు అడవుల్లో, కొండల్లో పడి నడిచొచ్చారు. ఆ పారిపోవడంలోనూ తెల్లవాళ్ళకి ఒక దారి, నల్లవాళ్ళకి ఒక దారి కేటాయించారు. మా అమ్మ తాత నల్లదారినే వచ్చాడు. చివరికి ఊరు చేరితే అక్కడ అతని కోసం ఉన్నది మళ్ళీ అదే పేట. సముద్రం దాటి వెళ్ళినా, కొండలు దాటి వచ్చినా, ఊరి చివర గీసిన గీత దాటలేకపోయాడు.

ఇదంతా తెలిసిన మనిషి మా అమ్మ. "ఊరికినే ఎందుకిస్తన్నారట" అని ఆమె అడగడంలో తప్పేముంది? నిజానికి ఆ రోజు కౌంటరు దగ్గర తాత్త్విక ప్రశ్న వేసింది ఆమె ఒక్కతే. మా జట్టులో డిగ్రీలున్నవాళ్ళందరం నవ్వుతూ ఫొటోలు దిగాం.

మావాళ్ళు నన్ను అభినందించారు. "లక్కీ టీచర్! పెట్టిపుట్టారు!" అన్నారు. స్టాఫ్‌రూములో నా ఉద్యోగాన్ని పుట్టుకతో ముడిపెట్టే మనిషే అందరికంటే గట్టిగా చెయ్యి కలిపారు. నేను విస్తుపోయాను. ఉద్యోగానికి నేను డీఎడ్‌లూ బీఎడ్‌ల వరసలో నిలబడ్డాను, పండిట్ ట్రైనింగ్ చేశాను, రాత్రుళ్ళు చదివాను, పరీక్ష రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. ఆ ఉద్యోగం గురించి ఆరేళ్ళుగా ఆ మనిషి అడుగుతున్న ప్రశ్న "మెరిట్ ఏదీ?" అని. ఈ కిటికీ గదికి నేను చేసింది ఏమీ లేదు. చెమట బొట్టు రాలలేదు, కలం కదపలేదు. దీని దగ్గర మాత్రం మెరిట్ మాట ఆయన నోట రాలేదు. మెరిట్ లేనిచోట మెరిట్ అడగలేదు, ఉన్నచోట అడిగాడు. అంటే ఆయన అడుగుతున్నది మెరిట్ గురించి కాదని అర్థమవుతోంది కదా!

ఈ అప్‌గ్రేడ్ అసలు రహస్యం ఏమిటో తర్వాత మాకు టికెట్లిచ్చిన ఏజెంటు విడమరిచి చెప్పాడు. ఓడల్లో చవక గదులకే గిరాకీ ఎక్కువట. అవి ముందు నిండిపోతాయి. ఖరీదు గదులు కొన్ని మిగిలిపోతాయి. ఓడ రేవు వదిలిందంటే ఆ ఖాళీ గది విలువ సున్నా. అందుకని చవక గదుల వాళ్ళని కొందరిని పైకి జరుపుతారు. ఖాళీ అయిన చవక గదులు మళ్ళీ అమ్ముకుంటారు. పైకి జరిగినవాళ్ళు ఆ సంబరంలో నాలుగు డబ్బులు ఓడలోనే ఖర్చు పెడతారు, ఊరెళ్ళి పదిమందికి చెబుతారు. విశాఖ ఫిషింగ్ హార్బరులో చేపలమ్మే ఆడవాళ్ళకి తెలిసిన లెక్కే ఇది. పొద్దున్న బేరానికి ససేమిరా అన్న చేప సాయంత్రానికి కొసరుగా వచ్చి పడుతుంది. దయతో కాదు, పొద్దుగూకితే కుళ్ళిపోతుంది కాబట్టి.

మన రైల్వేవాళ్ళు కూడా 2006లో ఇలాంటి పద్ధతి పెట్టారు. పై తరగతిలో బెర్తులు మిగిలితే కింది తరగతి వాళ్ళని కొందరిని కంప్యూటరే అటు మారుస్తుంది, అదనంగా పైసా తీసుకోదు. స్లీపరు టికెట్టు కొన్నవాడు ఏసీలో కాళ్ళు చాపుకుని పడుకుంటాడు. ఎవరూ ఏమీ అనుకోరు. అయితే అందులో ఒక నిబంధన ఉంది. పూర్తి చార్జీ కట్టినవాళ్ళకే ఆ అవకాశం. రాయితీ టికెట్టు వాళ్ళని ఆ లెక్కలోకి తీసుకోరు. ఈ నిబంధన చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఒకసారి రాయితీ తీసుకున్నవాడికి అదృష్టంలో కూడా వాటా లేదన్నమాట! ఇక 'రిజర్వేషన్' అనే మాట చూడండి. అదే మాట రైల్వే స్టేషన్‌లో గౌరవం. రిజర్వేషన్ ఉన్నవాడు దర్జాగా వచ్చి, నా సీటు, లెగు అంటాడు. అదే మాట కాలేజీ గుమ్మంలో, ఆఫీసు గుమ్మంలో అవమానం.

కాబట్టి ఉచితాన్ని మూడు రకాలుగా విడగొట్టి చూడాలంటాను. మొదటిది అదృష్టం. ఇచ్చేవాడి లెక్కలో ఏదో మిగిలి, మన వంతు పడుతుంది. ఓడలో గది అలాంటిది. రెండోది దానం. ఇచ్చేవాడు పైన ఉంటాడు, పుచ్చుకునేవాడు కింద ఉంటాడు, ఇద్దరూ అక్కడే ఉండాలన్నది అందులో షరతు. కామందు పాత చీర అలాంటిది. మూడోది బాకీ. మన దగ్గర ఎప్పుడో లాక్కున్నది, లేదా మనకి దక్కకుండా ఆపినది, తిరిగి ఇవ్వడం. హాస్టలు, స్కాలర్‌షిప్పు, రిజర్వేషను ఈ మూడో రకం. ఎస్సీ విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో మొదలయింది. అప్పుడు అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడు. ఎవరి జాలిగుండెలోంచీ ఊడిపడలేదు అది. వేల ఏళ్ళ వడ్డీ వదిలేసి, అసల్లో ఒక్క చిల్లర ముక్క వసూలు చేయడం మొదలయింది, అంతే.

ఇప్పుడు లోకం తీరు చూడండి. అదృష్టం వచ్చినవాడికి అభినందన. దానం పుచ్చుకున్నవాడికి తలవంపు. బాకీ వసూలు చేసుకున్నవాడికి తిట్లు. న్యాయంగా అయితే ఇది తలకిందులుగా ఉండాలి. మూడింటిలో న్యాయంగా మనదైనది బాకీ ఒక్కటే కదా! మరి దానికే ఎందుకు తిట్లు? నాకు తోచిన కారణం ఇది. అదృష్టం ఎవర్నీ నిలదీయదు. దానం ఇచ్చేవాడిని గొప్పవాణ్ణి చేస్తుంది. బాకీ మాత్రం ఇచ్చేవాడు ఎవరో గుర్తుచేస్తుంది. నువ్వు బాకీదారువి, నీ ఇల్లు కట్టిన ఇటుకల్లో కొన్ని మావి అంటుంది. ఆ మాట వినడం ఇష్టం లేక బాకీని దానం అంటారు. దానం అన్నాక, దండం ఎందుకు పెట్టడం లేదని కోప్పడతారు.

ఓడలో రెండో రోజు రాత్రి భోజనాల దగ్గర ఇంకో పాఠం దొరికింది. మా బల్ల దగ్గరకి ఒక పెద్దాయన కుటుంబం వచ్చి కూర్చుంది. మర్యాదస్తులే. ఏ క్యాబిన్ అని అడిగారు. చెప్పాను. ఊరికే అప్‌గ్రేడ్ వచ్చిందంటే, "అబ్బ, అదృష్టవంతులమ్మా" అని ఆవిడ మురిసిపోయింది. కాసేపటికి ఆయన ఏ ఊరన్నాడు. ఇంటిపేరు అడిగాడు. తేలలేదు కాబోలు, "అంటే మీరేవిట్లు?" అన్నాడు. నడి సముద్రం, నాలుగు వైపులా నీళ్ళు, కనుచూపు మేర ఊరన్నది లేదు, ఊరి చివర పేట లేదు. అయినా ప్రశ్న వచ్చేసింది. మాలవాళ్ళం అన్నాను. గొంతు తగ్గించలేదు. ఆయన "అలాగా, మంచిదమ్మా, మంచిది" అన్నాడు. ఒక నిమిషం ఆగి, "ఈ టూర్లకి గవర్నమెంటు మీవాళ్ళకేమైనా సబ్సిడీ ఇస్తుందామ్మా?" అన్నాడు.

గది అదే. కిటికీ అదే. సూపు తాగే ముందు అది నా అదృష్టం. సూపు చల్లారేలోపు సర్కారు సొమ్ము. మధ్యలో మారింది నా కులం పేరు ఆయన చెవిన పడటం ఒక్కటే. కంపెనీ కంప్యూటరుకి కులం తెలీదు కాబట్టి గది మారలేదు. మనుషుల కళ్ళల్లో మాత్రం నన్ను మళ్ళీ కింద గదిలోకి దింపేశారు. "ఇవ్వదండి, నా జీతంతో కొన్న టికెట్టు. అప్‌గ్రేడ్ మాత్రం ఊరికే వచ్చింది, మీలాంటివాళ్ళెవరికైనా ఎలా వస్తుందో అలా" అని చెప్పి అన్నం కలుపుకున్నాను.

అంబేద్కర్ చిన్నప్పటి అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1901లో తండ్రి దగ్గరకి వెళ్ళడానికి ఆయనా, అన్నా, ఇంకా పిల్లలూ మసూర్ స్టేషన్లో రైలు దిగారు. మంచి బట్టలేసుకున్న పిల్లలు కదా అని స్టేషను మాస్టరు ఆదరంగా పలకరించాడు. మీరెవరు బాబూ అంటే మహర్లమని చెప్పారు. ఆయన మొహం మారిపోయింది. చక్కటి బట్టలు ఇచ్చిన హోదాని ఒక్క మాట ఊడబెరికింది. తర్వాత ఆయన 1913లో ఓడెక్కి న్యూయార్క్ వెళ్ళాడు. కొలంబియాలో చదివాడు, లండన్లో చదివాడు. 1917లో బరోడా వచ్చి ఉద్యోగంలో చేరితే ఆ ఊళ్ళో తలదాచుకోడానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో ఎలాగో తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చేయమన్నారు. రెండు ఖండాలు ఇచ్చిన చదువు ఒక గది ఇప్పించలేకపోయింది. మెరిట్ గురించి మనకి పాఠాలు చెప్పేవాళ్ళు ముందు ఆ గది గురించి జవాబు చెప్పాలి.

మన రాష్ట్రంలోనే చూడండి. 1991లో చుండూరులో గొడవ ముదిరింది ఒక సినిమాహాల్లో దళిత యువకుడి కాలు ముందు సీట్లో ఉన్న రెడ్డి కుర్రాడికి తగిలిందని. టికెట్టు కొనుక్కుని కూర్చున్న సీటది. ఆ ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. డబ్బు కట్టి కొన్న సీటులో కాలు చాపినందుకే ప్రాణాలు పోయిన చోట, 'ఉచితంగా తింటున్నారు' అనే మాట ఎవరు ఎవర్ని అనాలి?

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం సగం అబద్ధమవుతుంది. ఎందుకంటే మా అమ్మ ఇంకో ప్రశ్న కూడా వేసింది. అది వాళ్ళని కాదు, నన్ను అడిగింది. కిటికీ దగ్గర చాలాసేపు కూర్చుని నీళ్ళు చూసింది. తాత ఎల్లిన నీళ్ళివే అనుకుంది. తర్వాత, "ఏమే, మనం ఇడిసీసిన గదిలోకి ఇప్పుడెవులొచ్చినారు?" అంది. గది ఊడవడానికొచ్చిన కుర్రాణ్ణీ అడిగింది. అతనిది శ్రీకాకుళం జిల్లా, సోంపేట వైపు. "నువ్వు తొంగునే గదికి కిటికీ ఉందా బాబూ?" అంటే, "మాకెందుకుంటాదమ్మా, మేం నీళ్ళ కింద తొంగుంటాం" అని నవ్వాడు.

మనం వదిలేసిన గదిలోకి ఎవరొచ్చారు? నిచ్చెనమెట్ల సమాజం గురించి అంబేద్కర్ చెప్పిందంతా ఈ ప్రశ్నలో ఉంది. అందరూ ఒకేలా అణగిపోయుంటే అందరూ కలిసి తిరగబడేవారు. అలా కాకుండా ప్రతి మెట్టు మీదున్నవాడికీ తన కింద ఇంకో మెట్టు ఉండేలా కట్టారు. అందుకే పైవాణ్ణి చూసి ఏడ్చేవాడే కిందవాణ్ణి చూసి తృప్తిపడతాడు. అప్‌గ్రేడ్ అనేది నిచ్చెనని ముట్టుకోదు. ఒక మనిషిని ఒక మెట్టు పైకి జరుపుతుంది. ఆ మనిషి సంబరమే నిచ్చెనకి కాపలా అవుతుంది.

ఈ మాట మనలో చదువుకుని ఉద్యోగాలొచ్చినవాళ్ళకి మరీ తగులుతుంది. పేటలోంచి టౌనుకి మారిన నాలాంటివాళ్ళని చూసి "మీరు అప్‌గ్రేడ్ అయిపోయారు, మీకిక పేటతో పనేటి" అని ఉద్యమంలో ఉన్న మిత్రులే అంటారు. ఒక పక్క వాళ్ళు ద్రోహులంటే, ఇంకో పక్క అగ్రకులాలవాళ్ళు, మీకు వచ్చింది చాలు, ఇక మానుకోండి అంటారు. రెండు వైపుల నుంచీ కోరేది ఒకటే, మేం సిగ్గుపడాలని. నేను సిగ్గుపడను. కిటికీ గది వద్దని ఆ రాత్రి నేను కింద గదిలో పడుకుంటే కింద గదికి కిటికీ మొలవదు. పై గది ఖాళీగా ప్రయాణం చేస్తుంది, అంతే. మనవాళ్ళు పైకి రాకుండా ఆగిపోవడం త్యాగం కాదు. అవతలివాళ్ళకి కావలసిందీ అదే.

సమాజానికి తిరిగి ఇచ్చెయ్యాలి అని కూడా మనకే చెబుతారు. సర్కారు కాలేజీలో సర్కారు డబ్బుతో చదివి అమెరికా వెళ్ళి స్థిరపడిన అగ్రకుల ఇంజినీర్ని, నువ్వేం తిరిగిచ్చావు అని ఎంతమంది అడిగారు? మనకి మాత్రం ఉద్యోగం ఆర్డరుతో పాటే ఆ బిల్లు కూడా చేతిలో పెడతారు. అందుకని నేను పేటకి చేసేది రుణం తీర్చడం అనను. నాకు రెండు గదులూ తెలుసు. అంతే నా బాధ్యతకి మూలం. కిటికీ ఉన్నవాడికి కిటికీ లేని గది ఉందని తెలియకపోవచ్చు. కిటికీ లేనివాడికి పైన గదులెన్ని ఖాళీగా పోతున్నాయో తెలియకపోవచ్చు. రెండూ చూసినవాళ్ళు నోరు మూసుకుంటే ఆ కబురు ఎవరు చెబుతారు? నా కిటికీ నా గొప్పతనం అనుకున్న రోజున నేను ఆ భోజనాల బల్ల దగ్గరి పెద్దాయన పక్కకి జరిగి కూర్చున్నట్టే.

ఈ ప్రశ్న నాకు రోజూ ఎదురయ్యేది ఓడల్లో కాదు, బడిలో. మా పిల్లలకి పుస్తకాలు, బూట్లు, సంచీ ఇచ్చే పథకానికి కొన్నాళ్ళు 'విద్యా కానుక' అని పేరు. ఫీజులు కట్టే పథకానికి 'విద్యా దీవెన' అని పేరు. 2024లో ప్రభుత్వం మారాక పేర్లు మారాయి. పేర్లు ఏ పార్టీ పెట్టినా వాటి భాష ఒకటే. కానుక ఇచ్చేది దొర. దీవెన ఇచ్చేది స్వామి. చదువు ఈ దేశంలో పిల్లల హక్కని రాజ్యాంగంలో 21ఏ అధికరణం చెబుతోంది. బడిలో వండిన అన్నం పెట్టి తీరాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. హక్కుకి కానుక అని పేరు పెడితే పిల్లవాడు మెడ వంచి అందుకోవాల్సి వస్తుంది. మధ్యాహ్నం గుడ్డు పెట్టేటప్పుడు "ఫ్రీ తిండికి ఎంత ఆత్రమో" అని ఒక పెద్దమనిషి అంటే, ఆరో తరగతి గుంటడు ఒకడు పళ్ళెం వెనక్కి తీసుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆకలి ఉంది, గుడ్డు ఉంది, మధ్యలో ఆ మాట అడ్డుపడింది. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "అది ఆయన ఇచ్చింది కాదురా, నీది. మీ అమ్మ కొనే ఉప్పు ప్యాకెట్టు దగ్గర్నుంచి సబ్బు బిళ్ళ దాకా మీ ఇంట్లోకొచ్చే సరుకుల ధరలో ఎన్నో పన్నులు కలిసుంటాయి. ఆ డబ్బూ ఇందులో ఉంది" అని చెప్పాను. వాడు గుడ్డు తిన్నాడు. మర్నాడు ఇంకో ఇద్దరికి వాడే ఆ లెక్క చెప్పాడు, ఉప్పుకి పన్నుందా లేదా అని వాళ్ళతో వాదన కూడా పెట్టుకున్నాడు. తీరా చూస్తే ఉప్పుకి లేదు, సబ్బుకి ఉంది. ఆ సంగతి పిల్లలే కొట్టువాణ్ణి అడిగి తెలుసుకొచ్చారు.

నాకు ఆ వాదన నచ్చింది. మన విద్యార్థి మిత్రులకీ, ఉద్యమ మిత్రులకీ నేను చెప్పదల్చుకున్నది కూడా అదే. అదృష్టం వస్తే తీసుకుందాం, దానికి ఎవరికీ దండం పెట్టక్కర్లేదు. దానం అయితే షరతేమిటో మా అమ్మ అడిగినట్టు ముందే అడుగుదాం. బాకీ దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ఎంత రావాలి, ఎంత వచ్చింది, మధ్యలో ఎవరు తిన్నారు, ఏ సంవత్సరం స్కాలర్‌షిప్పు ఆగింది, ఏ హాస్టల్లో ఎన్ని మంచాలు లేవు అని అడుగుదాం. కానుక పుచ్చుకునేవాడికి దండం పెట్టడం వస్తే చాలు. బాకీ వసూలు చేసుకునేవాడికి లెక్కలు రావాలి. మన పిల్లలకి దండం పెట్టడం ఊరు ఎప్పుడో నేర్పేసింది. లెక్కలు మనం నేర్పాలి.